తమ్ముడు లిటిల్ అండమాన్ అంటున్నాడు, అమ్మకు ఏమని చెప్పను?

హైదరాబాదులో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న 39 ఏళ్ళ పాఠకురాలు ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. వారి పుట్టిల్లు బాపట్ల దగ్గర పల్లె. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు కార్తీక వనభోజనాలకని బంధువులంతా సూర్యలంక వెళ్ళగా, స్నానానికి దిగిన చిన్న మేనమామ తిరిగి రాలేదు. ఆనాటి నుంచి వాళ్ళమ్మగారు పిల్లలను గాని, తరువాత మనుమరాలిని గాని చీలమండలు దాటి సముద్రంలోకి దిగనివ్వలేదు. ఇప్పుడు పెర్త్‌లో ఉద్యోగం చేస్తూ అక్కడే మూడేళ్ళుగా సర్ఫింగ్ చేస్తున్న తమ్ముడు డిసెంబరులో సెలవు మీద వస్తున్నాడు. అక్కనూ బావనూ 13 ఏళ్ళ మేనకోడలినీ వారం రోజులు లిటిల్ అండమాన్‌లోని హట్ బే తీసుకువెళ్ళి, జనసంచారం లేని ఆ తీరంలో తానే నేర్పిస్తానంటున్నాడు. అమ్మాయి రోజులు లెక్కపెట్టుకుంటోంది. భర్త సరేనన్నారు గాని, ఆయనకు ఈత రాదన్న సంగతి ఈమెకు తప్ప ఎవరికీ తెలియదు; బావమరిది ముందు ఆ మాట చెప్పడం ఆయనకు నామోషీ. ఈమెకు అపార్ట్‌మెంటు కొలనులో అడ్డంగా ఒక దాటు ఈదడం వచ్చు గాని, కాళ్ళు అందని చోట ఊపిరి బిగుసుకుపోతుంది. ఈ వయసులో ఇలాంటి కోరిక తగునా, తమ్ముడు చెప్పిన చోటు మాలాంటి కొత్తవాళ్ళకు మంచిదేనా, అమ్మకు గోవా అని చెప్పి వెళ్ళిపోతే తప్పా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీరు అడిగిన వాటిలో వయసు ప్రశ్న అన్నిటికన్నా తేలికైనది కాబట్టి దానితో మొదలుపెడతాను. నడుము లోతు నీళ్ళలో, తొమ్మిది అడుగుల మెత్తటి ఫోమ్ బోర్డు మీద బోర్లా పడుకుని, విరిగిన అల నురుగు నెట్టుకుపోతుంటే లేచి నిలబడడానికి ప్రయత్నించడమే మొదటి మూడు రోజుల పాఠం. దీనికి మోకాళ్ళూ భుజాలూ ఓ మోస్తరుగా పనిచేస్తే చాలు. నేను 43వ ఏట మొదటిసారి నేర్చుకోవడానికి వెళ్ళి, రెండు రోజుల పాటు ఉప్పునీళ్ళు తాగడం తప్ప మరేమీ చేయలేదు. మూడో రోజు ఉదయం బహుశా నాలుగు సెకండ్లు నిలబడి ఉంటాను. ఆ నాలుగు సెకండ్ల కోసం మళ్ళీ వెళ్ళాలనిపించింది కాబట్టి, మీ కోరిక తగునా అన్న ప్రశ్నకు నిష్పక్షపాతంగా జవాబు చెప్పగలవాణ్ణి కాను.

చోటు సంగతి అలా కాదు. మీ తమ్ముడు ఏ గుణాన్ని చూసి హట్ బేని ఎంచుకున్నారో, ఆ గుణమే మీ ముగ్గురికీ అడ్డు. అలలు చదవడం వచ్చినవాడికి జనం లేని తీరం వరం. రానివాడికి అక్కడ తప్పు చేస్తే సరిదిద్దే మనిషి కూడా ఉండడు. లిటిల్ అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం అని పిలుస్తున్న ఊరికి, దక్షిణాన నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. సాధారణ ప్రయాణం ఓడ మీద, గంటల తరబడి. సముద్రం బాగా లేకపోతే ఓడ కదలదు. మీ ఏడు రోజుల్లో వెళ్ళడానికి రెండు, రావడానికి రెండు పోతే నీటి కోసం మిగిలేవి మూడు, ఆ మూడింటిలో ఒక ఓడ రద్దయినా తిరుగు విమానం తప్పిపోతుంది. అక్కడ పేరుపడిన అలలు చాలావరకు పగడపు దిబ్బల మీద విరిగేవి. ఇసుక మీద పడితే ఒళ్ళు గీసుకుపోతుంది, పగడం మీద పడితే కోసుకుపోతుంది. గట్టి దెబ్బ తగిలితే పెద్ద వైద్యానికి మళ్ళీ సముద్రం దాటాలి. అండమాన్ జలాల్లో ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయన్నది కూడా మీ అమ్మాయికి చెప్పి తీరవలసిన విషయమే. పైగా ఆ దీవి అలలకు పేరున్నది డిసెంబరులో కాదు, మార్చి నుంచి మే వరకు.

మీ తమ్ముడి సామర్థ్యాన్ని నేను శంకించడం లేదు. అయితే సర్ఫింగ్ రావడం వేరు, నేర్పడం వేరు. నేర్పేవాడు విద్యార్థి పక్కన నడుము లోతులో నిలబడి, వచ్చే అలను చూసి, బోర్డు తోకను పట్టి సరైన క్షణంలో నెట్టి, ఆ వెంటనే వెనక వచ్చే అలకూ పడిపోయిన మనిషికీ మధ్య తాను ఉండాలి. ఒక్కరితో ఈ పని చేస్తున్నప్పుడు మిగిలిన ఇద్దరు అతనికి కనిపించరు. ఆ ఇద్దరిలో ఒకరు ఈత రాదని చెప్పుకోలేని మీ భర్త అయితే ఏమవుతుందో ఊహించుకోవడం కష్టం కాదు.

ఇక మీ ముందు ఉన్న దారులు. మొదటిది, తమ్ముడు చెప్పినట్టే హట్ బే వెళ్ళడం. అలా వెళ్ళేటట్టయితే మీరు ముగ్గురూ నీటి అంచున ఉండి అతని ఆట చూసే ప్రయాణంగానే దాన్ని అనుకోండి. నేర్చుకునే ప్రయాణమని అమ్మాయికి ఆశ పెట్టకండి. రెండవది, కర్ణాటక తీరంలోని ముల్కి. పేరు వినగానే మన వాళ్ళకు ముల్కీ నిబంధనలు గుర్తుకొస్తాయి గాని, ఈ ఊరికీ వాటికీ సంబంధం లేదు. ఇది మంగళూరుకూ ఉడుపికీ మధ్య, జాతీయ రహదారి 66 మీద ఉన్న చిన్న ఊరు. శాంభవి, నందిని నదులు కలిసి సముద్రంలో పడే మొగ ఇక్కడ ఉంది. అమెరికా నుంచి వచ్చి వైష్ణవ సన్యాసం తీసుకున్న జాక్ హెబ్నర్, ‘సర్ఫింగ్ స్వామి’గా పేరుపడ్డ ఆయన, 2004లో ఇక్కడ పెట్టిన ఆశ్రమ శిక్షణాలయాన్నే దేశంలో మొదటి సర్ఫింగ్ బడిగా చెబుతారు. హైదరాబాదు నుంచి మంగళూరుకు నేరుగా విమానం ఉంది, అక్కడి నుంచి రోడ్డు మీద సుమారు గంట. పెద్ద ఆసుపత్రులున్న మంగళూరు, మణిపాల్ రెండూ అటూ ఇటూ అందుబాటులో ఉంటాయి. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు అరేబియా సముద్రం అక్కడ సాధారణంగా శాంతంగా, చిన్న అలలతో ఉంటుంది. తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తూ నీటిని నున్నగా ఉంచుతుంది. పది దాటాక గాలి తిరగబడి అలలు చిందరవందర అవుతాయి. అందుకే కొత్తవాళ్ళు పొద్దున ఆరున్నర, ఏడు గంటల పాఠమే అడిగి తీసుకోవడం మేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ముల్కి పక్కనే ఉన్న శశిహిత్లులో 2016లో జాతీయ స్థాయి సర్ఫింగ్ పోటీలు జరిగాయి, వాటి దృశ్యాలు మీ అమ్మాయి ఫోనులో ఎప్పుడో ఒకప్పుడు కనిపిస్తాయి. అవి మే నెలాఖరువి, రుతుపవనాల ముందు సముద్రం లేచే రోజులవి. డిసెంబరులో అంత అలలు లేవేమని అమ్మాయి నిరాశపడకుండా ఇప్పుడే చెప్పి ఉంచండి. మీ తమ్ముడు కూడా మొదటి రోజు కాస్త పెదవి విరుస్తారు.

మూడవ దారి చెన్నై దగ్గరి కోవళం. బాపట్ల నుంచి రైలు దారి సుళువు, నేర్పేవారూ ఉన్నారు, విశాఖలోనూ ఉన్నారు. అయితే డిసెంబరు మన తూర్పు తీరానికి నమ్మదగిన నెల కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను మీ బాపట్ల దగ్గరే తీరం దాటిన సంగతి నేను గుర్తు చేయనక్కరలేదు. తమ్ముడు ఫిబ్రవరి దాకా ఉండేటట్టయితే కోవళం ఆలోచించదగినదే, లేకపోతే టికెట్లు కొని ఆకాశం వంక చూస్తూ కూర్చోవలసి వస్తుంది. నాలుగవది, రెండూ కలిపినది: నలుగురూ కలిసి ముల్కిలో ఐదు రోజులు గడపడం, తమ్ముడు తన సొంత సరదా కోసం మరో ఏడాది వేసవి మొదట్లో స్నేహితులతో హట్ బే వెళ్ళడం. నన్నడిగితే దీనికే మొగ్గు చూపుతాను. దీనికి మీరు చెల్లించే మూల్యం ఒకటి ఉంది, తమ్ముడి ఉత్సాహం మీద నీళ్ళు చల్లినట్టవుతుంది. అది తగ్గాలంటే నిర్ణయం మీరు చెప్పకుండా పని అతనికే అప్పగించండి. ముగ్గురు కొత్తవాళ్ళకు తగిన బడిని వెతికి, వాళ్ళతో మాట్లాడి పెట్టమని అడగండి.

వాళ్ళతో మాట్లాడేటప్పుడు ధర కన్నా ముందు అడగవలసినవి ఉన్నాయి. నేర్పేవారికి భారత సర్ఫింగ్ సమాఖ్య గాని అంతర్జాతీయ సర్ఫింగ్ సంఘం గాని ఇచ్చిన శిక్షకుల ధ్రువపత్రం ఉందా, నీటిలో ప్రాణరక్షణలో శిక్షణ పొందారా, ఒక్కొక్క శిక్షకుడి కింద ఎంతమంది ఉంటారు అన్నవి ముఖ్యం. మీ భర్తకూ అమ్మాయికీ మొదటి రెండు పాఠాలకైనా చెరొక శిక్షకుడిని అడగండి; డబ్బు ఎక్కువైనా అక్కడ పొదుపు చేయకండి. సముద్రం బాగా లేని రోజు పాఠం రద్దు చేస్తే డబ్బు ఏమవుతుందని కూడా అడగండి. ఈ ప్రశ్నకు తడుముకోకుండా, ‘మరో రోజుకు మారుస్తాం’ అని గాని ‘తిరిగి ఇస్తాం’ అని గాని చెప్పే బడి రద్దు చేయడానికి జంకదు. ‘ఇక్కడ ఎప్పుడూ రద్దు కాదండీ’ అని గర్వంగా చెప్పే బడి అయితే ఫోను పెట్టేయండి.

ఈత సంగతి భర్తతో మీరే మాట్లాడాలి, అదీ తమ్ముడు రాకముందే. నడుము లోతు పాఠాలకు ఈత రానివారిని లైఫ్ జాకెట్‌తో తీసుకునే బడులు ఉన్నాయి కాబట్టి ఇది ప్రయాణం మానుకోవలసిన లోపమేమీ కాదు, శిక్షకుడికి తెలియకపోతే మాత్రమే ప్రమాదం. ఇంకా మూడు నెలలు ఉన్నాయి. ఇద్దరూ కలిసి వారానికి మూడు రోజులు కొలనుకు వెళ్ళండి. వేగంగా ఈదడం కాదు మీకు కావలసింది; వెల్లకిలా తేలుతూ రెండు నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకోవడం, కాళ్ళు అందని చోట నిలువుగా ఒక నిమిషం తేలడం, నీళ్ళు ముక్కులోకి పోయినా కళ్ళు తెరిచి గట్టు ఎటు ఉందో చూడడం. మీకు ఊపిరి బిగుసుకుపోయేది సరిగ్గా ఆ రెండో చోట కాబట్టి, పక్కన శిక్షకుడిని పెట్టుకుని అక్కడే ఎక్కువ సమయం గడపండి. డిసెంబరుకు మీ భర్త ఒడ్డు మీదే ఉండాలనుకుంటే అదీ మంచి నిర్ణయమే. ఆయన కళ్ళజోడు మనిషి అని రాశారు, కళ్ళజోడు తీస్తే శిక్షకుడి చేతి సైగలు కనిపిస్తాయా లేదా అన్నది కూడా ఆయన ముందే చూసుకోవాలి.

బట్టల గురించి మీరు మొహమాటపడుతూ ఒక్క వాక్యం రాశారు. నిండు చేతుల బిగుతు ఈత చొక్కా, చీలమండల దాకా ఈత లెగ్గింగ్స్ వేసుకుంటే ఎండ నుంచీ బోర్డు రాపిడి నుంచీ కాపాడతాయి, ఎవరూ వింతగా చూడరు. నూలు చుడీదారుతో మాత్రం దిగకండి. తడిసిన నూలు బరువెక్కి కాళ్ళకు చుట్టుకుంటుంది. ఉంగరాలు, గాజులు గదిలో వదిలేయండి. నల్లపూసలు తీయడం ఇష్టం లేకపోతే చొక్కా లోపలే కదలకుండా ఉండేలా చూసుకోండి. నెలసరి తేదీలు లెక్క చూసుకునే టికెట్లు కొనండి, అమ్మాయివి కూడా.

ఇప్పుడు మీ అమ్మగారు. మీ మేనమామ ఎలా పోయారో మీరు రాయలేదు, నేను ఊహించను. కాని మన తీరాల్లో ఏటా వినే మరణాలు ఎలా జరుగుతాయో తెలిస్తే, ఆమె భయాన్ని మీరు చాదస్తంగా చూడరు. అలలు ఒడ్డుకు తోసిన నీరంతా ఎక్కడో ఒక చోట తిరిగి సముద్రంలోకి పోవాలి. ఇసుక మెరకల మధ్య ఏదో పల్లం దొరికితే అది అందులోంచి ఏరులా లోపలికి పారుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. ఆ పల్లంలో అలలు విరగవు. కాబట్టి అటూ ఇటూ నురుగు కక్కుతుంటే మధ్యలో ఆ ఒక్క ముక్క కాస్త ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తుంది, పిల్లలతో వచ్చినవాళ్ళు ఇదే నెమ్మదిగా ఉందని సరిగ్గా అక్కడే దిగుతారు. కాలి కింద ఇసుక జారుతున్నట్టు అనిపించి, ఒడ్డుకేసి ఎదురీది, అలసిపోయి మునుగుతారు. చిక్కుకున్నవాడు ఎదురీదకుండా తేలుతూ, చెయ్యెత్తి కేకవేస్తూ, వీలైతే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ పాయను దాటితే బయటపడవచ్చు. నదీ మొగల దగ్గర ఆటు వేళ ఈ లాగుడు మరింత బలంగా ఉంటుంది కాబట్టి, ముల్కిలోనూ మొగ దగ్గర సొంతంగా స్నానానికి దిగకండి.

చెప్పవచ్చేదేమంటే, అమ్మగారికి తెలిసిన సముద్రం నిజమైన సముద్రమే. గోవా అని చెప్పి వెళితే వచ్చే చిక్కు అబద్ధం ఒక్కటే కాదు, 13 ఏళ్ళ అమ్మాయి చేత అమ్మమ్మకు అబద్ధం చెప్పించాలి, ఆ అమ్మాయి మొదటిసారి బోర్డు మీద నిలబడ్డ క్షణాన్ని దాచుకోవాలి. అది నాలుగు రోజులకు మించి దాగదు. తిరిగొచ్చాక చెబుదామంటే, ఆ పద్ధతి కొందరి ఇళ్ళలో నడుస్తుంది. మీ ఇంట్లో నడుస్తుందో లేదో మీకే తెలియాలి. ముందే చెబితే ఆమె వద్దనవచ్చు, రెండు రోజులు అన్నం మానేయవచ్చు. అయినా నేను ముందే చెప్పమంటాను, అయితే అనుమతి అడుగుతున్నట్టుగా కాకుండా ఏర్పాట్లు చూపిస్తున్నట్టుగా. బడి పేరు, శిక్షకుల సంఖ్య, మీరు కొలనులో నేర్చుకున్నది, అమ్మాయి వేసుకునే లైఫ్ జాకెట్ చూపించండి. మీ హైదరాబాదులోనే ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ తీరం వెంట అలల ఎత్తు, గాలి ముందస్తు సూచనలు ఇస్తుంది. ప్రయాణానికి వారం ముందు నుంచి అవి చూడడం అలవాటు చేసుకోండి. ఎత్తు ఒక్కటే చూసి మోసపోకండి, ఒక అలకూ మరో అలకూ మధ్య ఎన్ని సెకండ్లో కూడా చూడండి. ఒక మీటరు అల ఆరు సెకండ్లకొకటి వస్తే అది దగ్గరి గాలి లేపిన చిన్న అల. అదే ఒక మీటరు పద్నాలుగు సెకండ్లకొకటి వస్తే ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టి బలం కూడగట్టుకుని వచ్చినది, అది తోస్తే వేరుగా ఉంటుంది. ఎర్ర హెచ్చరిక ఉన్న రోజు మీ బడి తెరిచినా మీరు వెళ్ళరని అమ్మగారికి మాట ఇవ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి.

మరొక ఆలోచన, మీకు నచ్చకపోతే వదిలేయండి. అమ్మగారిని కూడా తీసుకువెళ్ళండి. ముల్కి ఊళ్ళోనే, శాంభవి పక్కన, బప్పనాడు దుర్గాపరమేశ్వరి గుడి ఉంది; దాన్ని బప్ప బ్యారీ అనే ముస్లిం వర్తకుడు కట్టించాడని అక్కడివారు చెప్పుకుంటారు. కటీలు అమ్మవారి గుడి దగ్గరే, ఉడుపి కృష్ణుడూ దూరం కాదు. మీరు పొద్దున్నే నీళ్ళలో ఉన్నంతసేపూ ఆమెను ఒడ్డుకు రమ్మనకండి. పది గంటలకు మీరు గదికి వచ్చి, నీరు దోసెలూ మంగళూరు బన్సూ తిని, సాయంత్రం ఆమెతో గుడికి వెళ్ళండి. మధ్యలో ఒక రోజు పాఠం పెట్టుకోకండి. రెండో రోజుకే భుజాలు, పక్కటెముకలు పట్టేసి దువ్వెన పట్టుకోవడం కూడా కష్టమవుతుంది.

ఫోనులో చెప్పకండి, ఈ దసరాకు ఊరు వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పండి, తమ్ముడి పేరు మీద నెట్టకండి. ఆమె ఎన్ని మాటలన్నా చివరకు ఒక్కటే అడుగుతారని నా అనుమానం: నీళ్ళు ఎంత లోతు? ‘నడుము దాకా అమ్మా, పక్కన మనిషి ఉంటాడు’ అని చెప్పండి. ఆ జవాబు నిజం కావాలంటే బడితో మాట్లాడి ఆ ఏర్పాటు ఖాయం చేసుకున్నాకే దసరాకు బయలుదేరండి.